దాతకు, కళాకారునకు నడుమ

ఊరిలో నాటకము జరిగిన మరునాడు జనులు పద్యము పాడినవానిని గూర్చి చెప్పుకొందురు. వన్స్ మోరులు కొట్టించుకొన్నవానిని గూర్చి చెప్పుకొందురు. వేదికపై శాలువ కప్పిన దాతను గూర్చియు రెండు మాటలు చెప్పుకొందురు. కాని ఆ దాత చేతిలోని సొమ్ము ఆ నటుని చేతికి ఏ మార్గమున వచ్చినది, ఎవరు లెక్క వ్రాసిరి, పదిమంది అడుగగా ఆరుగురికి ఇచ్చి నలుగురికి లేదని చెప్పినవారెవరు అను ప్రశ్న సామాన్యముగా ఎవరికిని తోచదు. ఆ నడుమ నిలిచిన మనిషిని గూర్చి, ఆ మనిషి చేయు పనిని గూర్చి ఈ ప్రసంగమున వివరింపదలచితిమి. కళాసంస్థల నిర్వహణము, ముఖ్యముగా ప్రజానిధుల నుండి కళలకు గ్రాంట్లు పంచు పని, నేడు అనేక దేశములలో ఒక గౌరవనీయమైన వృత్తి. మన గుంటూరు, ప్రకాశము మండలములలో ఆ పేరు క్రొత్తదియే కాని పని మాత్రము పాతదే.

మొదట గ్రాంటు అనగా ఏమో తెలిసికొందము. అది జీతము కాదు, అప్పు కాదు, బహుమానము కాదు, భిక్ష అసలే కాదు. మా రేడియో కేంద్రమునకు వచ్చి పాడిన గాయకునకు కాంట్రాక్టు ప్రకారము పారితోషికము ముట్టును. పాట అయినది, పైకము ముట్టినది, లెక్క తీరినది. గ్రాంటు అట్టిది కాదు. ఇంకను జరుగని పనికి, జరుగవలసిన పనికి, నమ్మకముపై ముందుగా ఇచ్చునది గ్రాంటు. ఒక సమాజము ఆరు నెలలు సాధన చేసి క్రొత్త నాటకము ఆడుదుమనును. ఒక గురువు నలుగురు పిల్లలకు హరికథ నేర్పుదుననును. ఆ మాటను నమ్మి ఇచ్చిన సొమ్ము అది. నమ్మకము పునాదిగా గలది గనుకనే దానికి ఇంత వ్రాతకోత, ఇంత జాగ్రత్త కావలసివచ్చినది.

మన సీమలో కళలకు ధనమిచ్చిన వారి వరుస చాల పెద్దది. అమరావతి పట్టణమును నిర్మించిన వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారి కాలమున, అనగా పదునెనిమిదవ శతాబ్ది చివర, ప్రభువే దాత, ప్రభువే పరీక్షాధికారి. ఆయన మెచ్చిన కవి పండితులకు కొరత లేదు, ఆయన దృష్టి పడనివారికి గతి లేదు. జమీందారీలు సన్నగిల్లిన పిదప ఆ భారమును ఊళ్లు పంచుకొన్నవి. కోటప్పకొండ తిరునాళ్లను చూడుడు. మహాశివరాత్రికి నరసరావుపేట, చిలకలూరిపేట ప్రాంతముల గ్రామములు 80, 100 అడుగుల ప్రభలు కట్టి కొండ క్రిందికి తీసికొనివచ్చును. కఱ్ఱకు, గుడ్డకు, విద్యుద్దీపములకు, ప్రభ ముందు ప్రదర్శనములకు అగు వ్యయమంతయు ఊరి చందాలే. ఎవరెంత వేసికొనవలెనో పెద్దలు కూర్చుండి నిర్ణయింతురు. పుస్తకము పట్టుకొని ఇంటింటికి తిరుగువాడు ఒకడుండును. చదివిన చదువేదైనను, అతడే మన పల్లెలలోని మొదటి కళానిర్వాహకుడు.

ఇరువదవ శతాబ్దిలో ఈ చందాపుస్తకము నుండియే స్థిరమైన సంస్థలు పుట్టినవి. వేటపాలెమున యువకులు 1918లో నెలకొల్పిన సారస్వత నికేతనము అట్టిది. గాంధీమహాత్ముడు 1929 నాటి ఆంధ్ర పర్యటనమున దానిని దర్శించెను. నాడు గుంటూరు జిల్లాలోనిదై, 1970లో క్రొత్త జిల్లాతోపాటు ప్రకాశమునకు చేరి, 2022 నుండి బాపట్ల జిల్లాలోనిదైన ఆ గ్రంథాలయము జిల్లాలు మూడు మారినను తాను మారలేదు. గుంటూరున ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో స్త్రీవిద్య కొరకు శారదా నికేతనమును స్థాపించిరి. తెనాలిలో 1929లో నటులు, రచయితలు, నాటక సమాజములవారు కూడి ఆంధ్ర నాటక కళాపరిషత్తును ఏర్పరచుకొనిరి. నాటకపోటీలు జరుపు పరిషత్తులు తరువాత మన జిల్లాలలో ఎన్నియో వెలసినవి. ఊరిలోని కుటుంబములు ఒక్కొక్క బహుమతిని తమ పెద్దల పేర స్థాపించుట, వచ్చిన ప్రతి సమాజమునకు ప్రదర్శన పారితోషికమని కొంత ముట్టచెప్పుట, దూరపు నటులకు భోజనము, బస ఏర్పాటు చేయుట ఈ పరిషత్తుల సంప్రదాయము.

ఈ పద్ధతిలో ఔదార్యము ఉన్నది. కాని బలహీనత కూడ ఉన్నది. నల్లరేగడి నేలల చందా ప్రత్తి ధరను, మిరప ధరను అంటిపెట్టుకొని ఉండును. ప్రత్తి తీతలు సాగి, మిరప కల్లములలో ఎండి, గుంటూరు యార్డునకు బస్తాలు చేరిన పిదపనే రైతు చేతిలో డబ్బు ఆడును. శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి ఆ రోజులలోనే వచ్చును గనుక తిరునాళ్లకు, పందిళ్లకు లోటుండదు. కాని నాటక సమాజమునకు సొమ్ము కావలసినది సాధన చేయు వానకాలమున. అప్పుడు రైతు విత్తనములకు, ఎరువులకు తానే అప్పుకై తిరుగుచుండును. ఇక మిరపకు బొబ్బర తెగులో, ధరకు పతనమో వచ్చిన ఏడు మొట్టమొదట కొట్టివేయబడు పద్దు నాటకమే. హార్మోనిస్టు మరియొక వృత్తి వెదకుకొనును. మరుసటి ఏట ధర పెరిగినను అతడు తిరిగి రాడు. కళకు కలుగు నష్టములలో ఇది పెద్దది: ఒక ఏటి కొరత పది ఏండ్ల సాధనను మింగివేయును.

దీనికి విరుగుడుగా అమెరికా దేశమున ఒక ఉపాయము పుట్టినది. సెయింట్ లూయీ నగరమున బ్రయన్ మలన్ఫీ అను సంపన్నుడు 1851లో మరణించుచు, పడమటి సీమలలో స్థిరపడుటకై ఆ ఊరి మీదుగా పోవు పేద ప్రయాణికుల సహాయార్థము తన ఆస్తిలో మూడవవంతు వ్రాసియిచ్చెను. కాలక్రమమున రైళ్లు వచ్చినవి, బండ్ల బారులు పోయినవి. ధనము మిగిలినది, దానిని పుచ్చుకొనవలసిన బాటసారులు అరుదైపోయిరి. మృతుని వ్రాతను మార్చుట బ్రదికియున్నవారికి సులభము కాదు. ఇట్టి చిక్కులను చూచిన ఫ్రెడరిక్ గాఫ్ అను బ్యాంకు అధ్యక్షుడు 1914లో క్లీవ్‌లండ్ నగరమున ఒక సమష్టినిధిని స్థాపించెను. చిన్న దాతలు, పెద్ద దాతలు ఇచ్చిన ధనము ఒకే చోట భద్రముగా నిలువయుండును. దానిపై వచ్చు ఆదాయమును ఆ ఏటి అవసరమునుబట్టి ఊరిపెద్దల సంఘము పంచును. అవసరము మారినచో పంపకము మారును. ఈ పద్ధతి తరువాత అనేక దేశములకు వ్యాపించినది. ఆ పంపకమును నడుపుటకు చదువుకొన్న, జీతము తీసికొను నిర్వాహకులు కావలసివచ్చిరి. మనము చెప్పుకొనుచున్న వృత్తి అట్లు రూపుదిద్దుకొన్నది.

ఈ నిధి నడుచు తీరును ఒక ఉదాహరణముతో చూతము. ఒక పట్టణమువారు 50 లక్షల రూపాయలు కూడబెట్టి మూలధనముగా ఉంచిరనుకొందము. నూటికి 7 రూపాయల వడ్డీ చొప్పున ఏడాదికి 3,50,000 రూపాయలు వచ్చును. మన దేశపు ఆదాయపు పన్ను నియమములనుబట్టి ధర్మసంస్థ తన ఆదాయములో నూటికి 85 వంతులు తన ఆశయములకు వినియోగింపవలెను. అనగా 2,97,500 రూపాయలు పంచవచ్చును, మిగిలిన 52,500 మూలధనమునకు చేర్చవచ్చును. మిరప ధర పడినను, దాత ఊరు విడిచినను ఆ రెండు లక్షల తొంబదియేడు వేల అయిదువందలు వానకాలముననే సాధన చేయువారికి అందును. చందా వానవంటిది, నిధి చెరువువంటిది. వాన లేక చెరువు నిండదు, చెరువు లేక వాన నిలువదు.

మన ఆంధ్రదేశమున ఈ నడిమివాని పనిని గొప్పగా నిర్వహించినవారిలో బందా కనకలింగేశ్వరరావుగారిని ముందు చెప్పవలెను. కృష్ణా జిల్లా ఆటుకూరులో 1907లో జన్మించి ఏలూరున న్యాయవాదియైన ఆయన, రంగస్థలమున పేరుమోసిన నటుడు. ఏలూరులో ప్రభాత్ థియేటర్ అను నాటకసంస్థను నడపెను. ఆయన మనస్సు తరువాత కూచిపూడి వైపు మరలినది. నాడు కూచిపూడి కొన్ని భాగవతుల కుటుంబములలో నిలిచియున్న విద్య. దానిని ప్రాంతీయ నాట్యనాటకముగా చూచినవారే కాని శాస్త్రీయ నృత్యముగా అంగీకరించినవారు దేశమున తక్కువ. 1958లో కేంద్ర సంగీత నాటక అకాడమీ ఢిల్లీలో జరిపిన నృత్యసదస్సున విస్సా అప్పారావుగారు కూచిపూడిని గూర్చి పత్రము చదివిరి. మరుసటి ఏట హైదరాబాదున రాష్ట్ర అకాడమీ కూచిపూడికై ప్రత్యేకముగా సదస్సు నడపినది. కూచిపూడి గ్రామముననే సిద్ధేంద్ర కళాక్షేత్రము వెలసినది. ఈ ఉద్యమమునకంతకు వెన్నెముకగా నిలిచినవారిలో బందావారు ముఖ్యులు. ఆయన 1968లో మరణించెను. ఆ కళాక్షేత్రము అనంతర కాలమున తెలుగు విశ్వవిద్యాలయమునకు చెందిన కళాపీఠమైనది.

ఈ చరిత్రలో మనము గమనింపవలసినది ఒకటి కలదు. ఒక మేటి నర్తకునకు పెద్దమొత్తము ఒకసారి ఇచ్చి చేతులు దులుపుకొనుటకు బదులు, ఇక్కడ సొమ్మును, శ్రమను మూడు చోట్ల పెట్టిరి. పండితులు కూడి తర్కించు సదస్సునకు కొంత, పిల్లలు నేర్చుకొను పాఠశాలకు కొంత, ఆ విద్యను లోకమునకు చూపు ప్రదర్శనమునకు కొంత. తర్కము వలన గౌరవము, పాఠశాల వలన వారసత్వము, ప్రదర్శనము వలన జీవనము కలిగినవి. మంచి నిర్వాహకుడు సొమ్మును చూచునపుడు అది ఎంత అని అడుగుటకు ముందు అది ఎన్నాళ్లు పనిచేయును అని అడుగును.

ఇక రెండవ పాఠము కష్టమైనది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిదప 1957లో మన సాహిత్య, సంగీత నాటక అకాడమీలు స్థాపింపబడినవి. 1983లో రాష్ట్ర ప్రభుత్వము ఆ అకాడమీలను రద్దుచేసినది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయము నెలకొని వాటి పనిలో కొంత స్వీకరించినది. రద్దు మంచిదా చెడ్డదా అను వాదములోనికి మేము పోము. కాని ఒక్క ప్రభుత్వపు ఉత్తరువుతో ఇరువదియాఱేండ్ల ఏర్పాటు ముగిసిపోగలదని నాడు తెలిసినది. ధనమిచ్చు ద్వారము ఒక్కటే అయినపుడు ఆ తలుపు మూసికొన్న దినమున కళాకారుడు వీధిలో నిలుచును. కావుననే ప్రభుత్వ సహాయమునకు ప్రక్కగా, దానికి బదులుగా కాక, ఊరి నిధులు, జిల్లా నిధులు కూడ ఉండుట మేలు.

ధనమిచ్చువాడు కళ యొక్క గుణము నిర్ణయింపరాదను సూత్రమును ఇంగ్లండు వారు ఒక పద్ధతిగా పాటించిరి. ఆర్థికశాస్త్రజ్ఞుడు కీన్స్ రూపొందించగా 1946లో ఏర్పడిన ఆర్ట్స్ కౌన్సిలున ధనము ప్రభుత్వముది, నిర్ణయము నిపుణుల సంఘముది. మన ఆకాశవాణిలో 1950 దశకము నాటి ఆడిషను విధానమునకును ఇదే మూలము. గాయకుని ముఖము కనబడదు, పేరు తెలియదు, పరీక్షకులు కంఠమును మాత్రమే విని శ్రేణి నిర్ణయింతురు. గ్రాంటు విషయమునను ఇట్టి తెర అవసరము. మన పల్లెలలో బంధుత్వము, కులము, పక్షము లేని పని అరుదు. సంఘసభ్యుని బావమరిది దరఖాస్తు పెట్టిన దినమున ఆ సభ్యుడు లేచి బయటకు పోవలెను. పోయినట్లు మినిట్సు పుస్తకమున వ్రాయవలెను. ఇది ఆ సభ్యునిపై అనుమానము కాదు, ఆయన గౌరవమునకు రక్ష.

ఇపుడు నిర్వాహకుని ఏడాది పనిని క్రమముగా చెప్పెదము. మొదటిది ప్రకటన. ఎవరు అడుగవచ్చునో, ఎంత అడుగవచ్చునో, ఎప్పటిలోగా అడుగవలెనో తేటతెలుగున ప్రకటింపవలెను. ఇంగ్లీషున పది పుటల ఫారము అచ్చువేసినచో పట్టణపు సంస్థలే దానిని పూర్తిచేయగలవు. కారెంపూడి వీరుల ఉత్సవములలో పల్నాటి వీరకథను పాడు వృద్ధ గాయకుడు పూర్తిచేయలేడు. అమెరికా పండితుడు జీన్ రోఘేర్ 1982లో ప్రకటించిన పల్నాటి ఇతిహాస గ్రంథము అలిసెట్టి గాలెయ్యగారి గానము ఆధారముగా వెలువడినది. అట్టి విద్వాంసులు రాత్రి తెల్లవార్లు పాడుదురే కాని ప్రణాళికలు వ్రాయుట వారి విద్య కాదు. వారు నోటితో చెప్పగా వ్రాసికొని దరఖాస్తుగా మార్చుట నిర్వాహకుని ధర్మము.

రెండవది దర్శనము. కాగితములోని సమాజము ఊరిలో కలదా, సాధన జరుగుచున్నదా అని కన్నులార చూచి రావలెను. మూడవది నిర్ణయము. అది సంఘమునకు చెందినది, నిర్వాహకునిది కాదు. నిర్వాహకుడు విషయమును ముందుంచును. నాల్గవది, అన్నిటికంటె కఠినమైనది, లేదని చెప్పుట. లేదన్న మాటను ఆలస్యము చేయరాదు, కారణము దాచరాదు. "మీ లెక్కలో వేషముల ఖర్చు లేదు, వచ్చే ఏట చేర్చి పంపుడు" అన్న రెండు పంక్తుల జాబు ఒక సమాజమును నిలబెట్టగలదు. మౌనము దానిని చంపగలదు. ఐదవది సొమ్ము పంపుట, ఆరవది రసీదులు చూచుట, ఏడవది ప్రదర్శనమును స్వయముగా చూచి ఫలితము వ్రాయుట.

ఐదవదానిలో ఒక ప్రమాదము దాగియున్నది. కేంద్ర సాంస్కృతిక శాఖ పథకములు కొన్నిటిలో మంజూరైన మొత్తమున నూటికి 75 వంతులు ముందు, 25 వంతులు పని పూర్తియై లెక్కలు చేరిన పిదప ఇచ్చుట పద్ధతి. ప్రజాధనమునకు ఇది న్యాయమైన జాగ్రత్తయే. కాని 2 లక్షల రూపాయలు మంజూరైన ఒక నాటక సమాజమును తలచుడు. లక్షన్నర చేతికి వచ్చినది. నాటకము ఆగదు గనుక తక్కిన 50,000 నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చిరి. నెలకు వేయి రూపాయల వడ్డీ. లెక్కలలో ఒక రసీదు లోపించి రెండవ వాయిదా పది నెలలు ఆలస్యమైనచో 10,000 రూపాయలు వడ్డీకే పోయినవి. ఆ వడ్డీ ఏ పద్దులోను చూపుటకు వీలులేదు. అది సమాజపు పెద్ద ఇంటినుండి పోవును, ఒక్కొక్కపుడు ఆయన భార్య మెడలోని బంగారమునుండి పోవును. కావున సర్కారు నియమములలోని వినియోగ ధ్రువపత్రము నింపుట, బిల్లుపై తేదీ వేయించుట, కలాపమునకు ముందే ప్రత్యేక బ్యాంకు ఖాతా తెరచుట మొదలైనవానిని కళాకారులకు నేర్పుట నిర్వాహకుని చిన్న పని కాదు. ఊరి నిధి ఏదైనా ఉన్నచో ఆ ఆలస్యపు కాలమునకు వడ్డీ లేని చేబదులు ఇచ్చుట దానికి తగిన ఉత్తమ ధర్మము.

నేటి చట్టములు కొన్ని ఈ పనికి తోడ్పడుచున్నవి, కొన్ని హద్దులు గీయుచున్నవి. 2013 నాటి కంపెనీల చట్టము పెద్ద కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు నికరలాభమున నూటికి 2 వంతులు సంఘసేవకు వ్యయింపవలెనని నిర్దేశించినది. ఆ సేవల పట్టికలో కళలు, సంస్కృతి, గ్రంథాలయములు, సంప్రదాయ హస్తకళలు కూడ కలవు. ఇక మన జిల్లాలనుండి అమెరికా మొదలైన దేశములకు పోయినవారు తమ ఊళ్లకు సొమ్ము పంపుట అందరు ఎరిగినదే. 1977లో ఏర్పడిన తానా వంటి సంఘములు ఇట్టి సేవకు పేరుపొందినవి. ఐతే విదేశపు విరాళము పుచ్చుకొను సంస్థకు ప్రభుత్వము వద్ద ప్రత్యేకమైన నమోదు ఉండవలెను. 2020 నాటి సవరణ ననుసరించి అట్టి సొమ్మును వేరొక సంస్థకు మార్చి ఇచ్చుటకు వీలులేదు, కార్యాలయపు ఖర్చు నూటికి 20 వంతులు మించరాదు. ఈ నియమము తెలియక మంచిమనస్సుతో చేసిన పంపకము కూడ తప్పుగా పరిణమింపవచ్చును.

ఈ వృత్తిలోనికి ఎవరు వత్తురు? ఒకే దారి లేదు. బందావారివలె న్యాయశాస్త్రమునుండి రంగస్థలమునకు, అక్కడినుండి సంస్థలకు వచ్చినవారు కలరు. లెక్కలు వ్రాయుటతో ఆరంభించి నాటకములను ప్రేమించినవారు కలరు. బెంగుళూరున 1993లో ఏర్పడిన ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ వంటి సంస్థలలో గ్రాంట్ల పని చేయుటయే పూర్తికాలపు ఉద్యోగము. ఎవరు వచ్చినను మూడు గుణములు కావలెను. కళను చూచి చలించు హృదయము, అంకెను చూచి చలింపని బుద్ధి, తన పేరు కనబడని చోట పనిచేయగల ఓర్పు. మొదటిది మాత్రమున్నచో నిధి ఏడాదిలో తరుగును. రెండవది మాత్రమున్నచో నిధి పెరుగును గాని కళ తరుగును. మూడవది లేనిచో దాతకును, కళాకారునకును నడుమ తానే నిలిచి ఇరువురిని కనబడనీయడు.

మన ఊళ్లలో ఇట్టి నిధులు స్థాపించుట అసాధ్యము కాదు. చందాపుస్తకము ఉన్నది, దాతలు ఉన్నారు, పరిషత్తుల అనుభవము ఉన్నది. కావలసినవి మూడు: పండిన ఏట వచ్చినదంతయు ఆ ఏటనే పందిళ్లకు వ్యయింపక కొంత మూలధనముగా నిలుపుట, ఎవరికి ఎంత, ఎందుకు ఇచ్చితిమో ఏటేట గ్రామచావడిలో చదివి వినిపించుట, ఆ లెక్క వ్రాయు వ్యక్తికి తగిన జీతమిచ్చుట. ఈ మూడవదానికి మనవారు వెనుదీయుదురు. ధర్మకార్యమునకు జీతమా అని అందురు. కాని గుడి కట్టిన శిల్పికి కూలి ఇచ్చినవారము, గుడి లెక్క వ్రాసినవానికి ఏల ఇయ్యరాదు? ఈ ఏట మీ ఊరి పరిషత్తువారు రసీదు పుస్తకముతో మీ గుమ్మము ఎక్కినపుడు చందా ఇయ్యుడు. ఇచ్చి, నిరుటి లెక్కను గూర్చి ఒక్క మాట అడుగుడు. అడిగినందుకు మంచి నిర్వాహకుడు నొచ్చుకొనడు, సంతోషించును.